గడి ఊడ్చిన చేతుల బొమ్మ

(తల్లాడలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



తల్లాడ తొవ్వలు కలిసే ఊరు. ఖమ్మం నుంచి వైరా దాటి ఇక్కడికి వస్తే, ఒక తొవ్వ సత్తుపల్లికి పోతది, ఇంకో తొవ్వ కొత్తగూడెం మీదుగా భద్రాచలం అడవి దిక్కు పోతది. ఇసొంటి కూడలిలో సభ అంటే పాటతోనే మొదలైతది. మన ఉద్యమం పాట మీద నడిచింది. ధూంధాం లేని మండలం లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చిన రోజు కూడా మనం పాడుకుంటనే వీధుల్లోకి వచ్చినం. పాట గురించి మనం శానా మాట్లాడుకున్నం, రాసుకున్నం.

బొమ్మ గురించి మాత్రం మనం తక్కువ మాట్లాడుకున్నం. తెలంగాణ మనిషిని, ఆమె చీరను, ఆమె చేతిలో చీపురును, ఆమె తల మీద తట్టను రంగుల్లో, తెర మీద చూపించినోళ్ళు ఉన్నరు. వాళ్ళలో ఒక పెద్దమనిషి పని గురించి ఇయ్యాల చెప్పదల్చుకున్నం. ఆయన బి. నర్సింగరావు. చిత్రకారుడు, కవి, ఫొటోలు తీసేటాయన, ఆ తర్వాత సినిమా దర్శకుడు.

ఉద్యమ సభలో సినిమా ముచ్చటేంది అని కొందరు తమ్ముళ్ళు అనుకోవచ్చు. అందుకే అసలు మాట ముందే చెప్తం. మన యాసను తెర మీద పెట్టాలని మనం కొట్లాడినం. అది కొంత సాధించినం. కానీ తెర మీద ఎవరి యాస వినబడుతున్నదన్నది సగం లెక్కనే. ఎవరి పని కనబడుతున్నది, ఎవరి కంటితో ఊరిని చూస్తున్నం అన్నది మిగిలిన సగం. నర్సింగరావు సినిమాలన్నీ ఆ సగం గురించే.

బొమ్మలేసేటోళ్ళు సినిమాలోకి రావడం కొత్త కాదు. బెంగాల్‌లో సత్యజిత్ రాయ్ ముందు అడ్వర్టయిజింగ్ కంపెనీలో బొమ్మలేసిన మనిషి. 'పథేర్ పాంచాలి' నవల పిల్లల ప్రతికి బొమ్మలేసుకుంటనే దాన్ని సినిమాగా కండ్ల ముందు చూసుకున్నడు. 1955లో ఆ సినిమా వచ్చింది. జపాన్‌లో కురొసావా పెయింటర్ కావాలనుకున్నోడు. తర్వాత తన సినిమాల దృశ్యాలను ముందుగా రంగుల్లో వేసుకున్నడు. మన హైదరాబాద్‌తో ఎంతో బంధం ఉన్న ఎం.ఎఫ్. హుస్సేన్ 1967లో ఒక చిత్రకారుడి కండ్లతో రాజస్థాన్‌ను చూపించే చిన్న సినిమా తీసిండు. దానికి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చింది.

తెలుగులో ఈ మాట అనంగనే అందరికీ గుర్తొచ్చే పేరు బాపు. 1967లో 'సాక్షి'తో దర్శకుడైన గొప్ప గీతకారుడు ఆయన. మీకు ఇక్కడ భద్రాచలం దగ్గర గనుక 'అందాల రాముడు' తెలిసే ఉంటది. 1973లో వచ్చిన ఆ సినిమాలో గోదావరి మీద పడవ భద్రాచలం దిక్కు పోతది. నది, ఒడ్డు, కొండలు ఆయన గీతలాగనే చక్కగ ఉంటయి. మేము దాన్ని తక్కువ చేయం. కానీ పడవ మీద కూసున్న కంటికి ఒడ్డు ఒక అందమైన దృశ్యం. ఒడ్డు మీద బతికేటోళ్ళకు అది ఇల్లు, పొలం, పోడు. 2014లో పోలవరం కోసం మన ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు అటు పోయినయి. అప్పుడు ఈ రెండు చూపుల నడుమ తేడా ఎంతుంటదో ఇక్కడి కోయ పల్లెలకు బాగా తెలిసింది. చిత్రకారుడు సినిమా తీస్తే ఫ్రేమ్ అందంగా ఉంటదని అంటరు. నిజమే. ఆ ఫ్రేమ్ ఎక్కడ నిలబడి చూసి పెట్టిన్రు అన్నది మేము అడుగుతున్నం.

నర్సింగరావు 1946లో గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన్రు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. హైదరాబాద్‌లో లలితకళలు చదువుకున్నరు. 1970ల మొదట్లో ఆయన నడిపిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్‌కే గద్దరన్న వచ్చి కలిసిండు. ఆ గుంపు నుంచే జననాట్యమండలి పుట్టింది. మన పాట చరిత్రలో అంత పెద్ద మలుపు ఒక చిత్రకారుడి చుట్టూ చేరిన కళాప్రేమికుల సంఘం నుంచి వచ్చిందన్న సంగతి మన విద్యార్థుల్లో చానామందికి తెలియదు. బొమ్మా పాటా మనకాడ ఒకే అరుగు మీద పెరిగినయి.

ఆయన సినిమాలోకి వచ్చింది ముందు నిర్మాతగా. కృష్ణచందర్ ఉర్దూలో రాసిన నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా, కలకత్తా నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 'మాభూమి' తయారైంది. 1980లో విడుదలైంది. గౌతమ్ ఘోష్‌కు అది మొదటి కథాచిత్రం. స్టూడియో సెట్లు కాదు, మన ఊర్లు. సుట్టుపక్కల జనమే తెర మీదికి వచ్చిన్రు. బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి' పాటలో గద్దరన్న కనబడ్డడు. సాయిచంద్ రామయ్య అయిండు. ఆ సినిమా పొద్దుగాల ఆటలుగా నెలల తరబడి నడిచింది. స్టార్లు లేని, డ్యూయెట్లు లేని సినిమాను జనం ఎందుకు చూసిన్రు? అందులో తమ తాతల ముఖాలు కనబడ్డయి. సాయుధ పోరాటంలో దళాలు ఆఖరికి వచ్చి తలదాచుకున్నది ఈ పాల్వంచ, ఇల్లెందు అడవుల్లోనే. ఈ మట్టికి ఆ కథ పరాయిది కాదు.

ఆ తర్వాత ఆయనే దర్శకుడైన్రు. 1983లో 'రంగుల కల', 1987లో 'మా ఊరు' డాక్యుమెంటరీ, 1988లో 'దాసి', 1990లో 'మట్టి మనుషులు', 2003లో 'హరివిల్లు'. పెద్ద లెక్కేం కాదు. కానీ వీటిని వరుసబెట్టి చూస్తే కొన్ని సంగతులు మళ్ళా మళ్ళా తిరిగొస్తయి. వాటిని ఒక్కొక్కటి చెప్తం.

మొదటిది పని. మన సినిమాల్లో పనిమనిషి అంటే కాఫీ కప్పు తెచ్చి పెట్టి పోయే మనిషి. 'దాసి'లో పనే కథ. నిజాం కాలపు నల్లగొండ దిక్కు దొర గడి. అందులో కమలాక్షి అనే దాసి. ఊడ్చుడు, నీళ్ళు మోసుడు, కాళ్ళు పిసుకుడు, దొర పిలిస్తే పోవుడు. అప్పటి దొరల ఇండ్లల్లో పెండ్లి చేసి బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు బంగారం, పశువులతోపాటు ఆడబాపలను కూడా అరణంగా ఇచ్చేటోళ్ళు. అంటే మనిషిని సామాను లెక్క ఇచ్చుడు. ఆ ఆచారం గురించి మనం ఉపన్యాసాల్లో 'వెట్టిచాకిరి' అని ఒక్క మాటలో చెప్పి దాటేస్తం. నర్సింగరావు దాటెయ్యలేదు. ఒక దినం గడిలో పొద్దు పొడుపు నుంచి పొద్దుగూకే దాకా ఒక ఆడమనిషి ఒళ్ళు ఎట్ల అరుగుతదో ఓపికగా చూపించిన్రు. ఆఖరికి ఆమె కడుపులో పెరిగేది కూడా ఆమెది కాదు. గడి ఉంచుకోనియ్యదు. కడుపు తీయించుకోవాల్సి వస్తది.

రెండోది గడి. ఆ సినిమాలో గడి వెనక కనబడే బిల్డింగు మాత్రమే కాదు, గడి కూడా ఒక పాత్ర. పెద్ద దర్వాజలు, పొడుగు వసారాలు, చీకటి అర్రలు. అందులో ఎవరు ఎక్కడిదాకా రావచ్చో, ఎవరు ఎక్కడ ఆగాలో గోడలే చెప్తయి. చిత్రకారుడు గనుక ఆయనకు ఈ సంగతి తెలుసు: ఒక మనిషిని గోడ పక్కన చిన్నగ నిలబెడితే మాట లేకుండనే దొరతనం అర్థమైతది.

ఈ సినిమాకు కళాదర్శకుడు తోట వైకుంఠం. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి మనిషి. వైకుంఠం బొమ్మల్లో తెలంగాణ ఆడామె ఎట్లుంటదో అందరికీ ఎరుకే. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండైన ముఖం, ఎవరికీ తల వంచని నిలకడ. అదే వైకుంఠం 'దాసి'లో గడిని అమర్చిండు. నవ్వే ఆడామె బొమ్మ, తలెత్తలేని ఆడామె సినిమా, రెండూ ఒకే నేల మీద చిత్రకారులు చేసిన పనే. కెమెరా అపూర్వ కిశోర్ బీర్‌ది. దుస్తులు కూర్చిన సుదర్శన్‌కు ఆ సినిమా పేరే ఇంటిపేరైంది, దాసి సుదర్శన్ అంటేనే గుర్తుపట్టేటోళ్ళు. 36వ జాతీయ అవార్డుల్లో 'దాసి'కి ఐదు వచ్చినయి. తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తులు. ఈ ఐదింట్లో మూడు కంటికి సంబంధించిన పనులకే వచ్చినయని గమనించాలె.

మూడోది మౌనం. అర్చన ఆ సినిమాలో ఎక్కువ మాట్లాడదు. మాట్లాడే హక్కు ఉన్నోళ్ళు దొర, దొరసాని. భూపాల్ రెడ్డి, రూప ఆ పాత్రలు చేసిన్రు. మన తెలుగు సినిమా పేజీలకు పేజీలు డైలాగులు చెప్పించే సినిమా. పీడితుడు కూడా ప్రాస కలిపి మాట్లాడుతడు. కానీ నిజంగ గడిలో నిలబడ్డ మనిషికి గొంతు ఎక్కడిది? 'బాంచెన్' అన్న ఒక్క మాటనే మిగిలింది. ఆ మౌనాన్ని మాటలతో నింపకుండా ఉంచిన్రు. ముఖం, చెయ్యి, చీర కొంగు మాట్లాడుతయి.

నాలుగోది వలస. 'మట్టి మనుషులు'లో పల్లె ఇడిచి హైదరాబాద్ వచ్చి బిల్డింగులు కట్టే కూలీలు ఉన్నరు. అందులోనూ అర్చననే. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. వాళ్ళు కట్టని డ్యాము లేదు, అపార్ట్‌మెంటు లేదు. కట్టినంక ఆ ఇంట్లోకి వాళ్ళకు రానీకి లేదు. 'దాసి'లో గడి ఉన్నట్టు ఇక్కడ పట్నంలో సగం లేచిన గోడలు. దొర పోయి గుత్తేదారు వచ్చిండు. రెండు సినిమాల నడుమ అరవై ఏండ్లకు పైగా తేడా ఉన్నది, మోసేది మాత్రం అదే ఆడామె. ఆయన వరుసగా ఈ రెండు సినిమాలు తీయడం ఊరికే జరిగింది కాదని మేమనుకుంటున్నం. 1990 జాతీయ అవార్డుల్లో తెలుగులో ఉత్తమ చిత్రం ఇదే.

ఐదోది కళాకారుడి గురించిన ప్రశ్న. 'రంగుల కల'లో హీరో పట్నంలో బతికే చిత్రకారుడు. ఆ పాత్ర నర్సింగరావే చేసిన్రు. తన బొమ్మ ఎవరి కోసం, కొనేటోడి డ్రాయింగ్ రూం కోసమా, తన సుట్టూ ఉన్న బస్తీ జనం కోసమా అని తన్లాడే మనిషి కథ అది. 1983 జాతీయ అవార్డుల్లో తెలుగులో ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఉద్యమంలో పనిచేసిన మనకు, రాసేటోళ్ళకు, పాడేటోళ్ళకు ఇది మన ప్రశ్న కూడా. రాష్ట్రం వచ్చినంక ఎంతమంది కవులు, గాయకులు ఎవరి కోసం పాడుతున్నం అన్న ప్రశ్న వేసుకున్నరు? ఎంతమంది వేసుకోలేదు? పేర్లు మేము చెప్పం. ఎవరి మనసుకు వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు కొందరు అడిగే మాటలకు జవాబు చెప్పుకోవాలె.

ఒక మాట, ఇవి అవార్డు సినిమాలు, మెల్లగ నడుస్తయి, జనానికి ఎక్కవు అని. 'మాభూమి'ని జనం ఎక్కించుకున్నరు గదా! 'దాసి' మెల్లగ నడుస్తది, నిజమే. బిందెతో నీళ్ళు మోసేటామె మెల్లగనే నడుస్తది. ఆమె నడకను ఉరికించి చూపిస్తే మనకు బరువు తెలియదు.

ఇంకో మాట బరువైంది. మా పేపర్ మిత్రుల్లో ఒక అక్కనే ఈ మాట అడిగింది. 'మాభూమి'లో తిరుగుబాటు ఉన్నది, 'దాసి'లో ఎందుకు లేదు? ఆడామెను ఏడ్పించి చూపించుడేనా? ఆమె ఎదురు తిరగదా? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఐలమ్మ పుట్టిన నేల ఇది. ఆడోళ్ళు బందూకు పట్టిన నేల. మేము దీని మీద ఇట్ల ఆలోచిస్తున్నం. తిరుగుబాటు కథ చెప్పేటప్పుడు దేని మీద తిరగబడ్డరో అది చిన్నగ కనబడుతది. దొర ఒక విలన్ అయితడు, రెండున్నర గంటల్లో చస్తడు, మనం చప్పట్లు కొట్టి బయటికొస్తం. 'దాసి' అట్ల బయటికి రానియ్యదు. తిరగబడే దారి లేకుండా మనిషిని ఎట్ల కట్టేస్తరో, దొరసాని కూడా ఆడదై ఉండి ఆ కట్టులో ఎట్ల భాగమైతదో చూపిస్తది. అది చూసినోడికి 1946లో జనం ఎందుకు లేచిన్రో వేరే చెప్పనక్కర్లేదు. అయినా అక్క అడిగిన ప్రశ్న అట్లనే ఉంటది. తిరగబడ్డ దాసి సినిమా ఇంకా ఎవరో ఒకరు తీయాలె. ఈ సభలో కూసున్న చెల్లెండ్లల్లో ఒకరు తీస్తే మాకు ఇంకా సంతోషం.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నం?

గడీలు ఇప్పుడు కూలిపోతున్నయి. కొన్ని బాగుచేస్తున్నరు. పాత కట్టడాలను కాపాడుకోవుడు మంచిదే, మేము వద్దనం. కానీ ఇప్పుడు పోరగాళ్ళు పెండ్లికి ముందు ఫొటోలు దిగనీకి గడీలకు పోతున్నరు. కమానుల కింద పట్టుచీర, షేర్వాణీ. వాళ్ళను తిట్టనీకి చెప్తలేం. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ కమాను కింద ఎవరి ముత్తవ్వ చీపురు పట్టుకొని వంగి నిలబడ్డదో చెప్పే బోర్డు అక్కడ లేదు. కట్టించిన దొర పేరు మాత్రం రాయి మీద ఉంటది. ఊడ్చిన మనిషి గుర్తు కావాలంటే ఇప్పటికి మనకు గట్టిగ ఉన్నది 'దాసి' లాంటి సినిమానే.

రెండో సంగతి యాస. పదేండ్ల నుంచి తెలంగాణ మాట తెర మీద హీరో మాటైంది. ఒకప్పుడు రౌడీకి, కమెడియన్‌కు పెట్టిన మాట 2017లో 'ఫిదా'లో హీరోయిన్ నోట ఇంటింటికీ పోయింది. 2023లో 'బలగం' వస్తే ఊరూర తెరలు కట్టుకొని చూసి ఏడ్చినం. ఇది మనం గెలుచుకున్నదే. కానీ యాస ఇప్పుడు అమ్ముడుపోయే సరుకు కూడా అయింది. కల్లు, మటన్, బతుకమ్మ, నాలుగు 'గిట్ల గట్ల'లు కలిపితే తెలంగాణ సినిమా అయిపోతదని లెక్కలేసేటోళ్ళు వచ్చిన్రు. అందుకే కొత్త సినిమా ఏది వచ్చినా మూడు ప్రశ్నలు అడగమని మేము కోరుతున్నం. ఇందులో పని ఎవరు చేస్తున్నరు? ఆ పని మనకు కనబడుతున్నదా? కెమెరా దొర అరుగు మీద ఉన్నదా, వాకిట్లో ఉన్నదా? ఈ ప్రశ్నలు నర్సింగరావు సినిమాలే మాకు నేర్పినయి.

గద్దరన్న 2023 ఆగస్టులో పోయిండు. 2025లో ఆయన పేరు మీద ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది. మంచిదే. అవార్డు కొత్త సినిమాకు ఇస్తరు. పాత సినిమాను కాపాడుకునుడు వేరే పని. రీలు అంటే బియ్యం బస్తా లెక్కనే. తడి తాకితే, వేడి తాకితే చెడిపోతది. దేశానికి పుణెలో 1964 నుంచి ఫిల్మ్ ఆర్కైవ్ ఉన్నది. మన రాష్ట్రం కూడా తన సినిమాలను, డాక్యుమెంటరీలను, ఉద్యమకాలంలో మన కెమెరా తమ్ముళ్ళు తీసిన వీడియోలను భద్రంగా దాచి, అడిగిన కాలేజీకి చూపించే ఏర్పాటు చేయాలె. ఇది అడగనీకి మనకు హక్కున్నది.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకొని కూసోవద్దు. ఉద్యోగ సంఘాల పెద్దలకు ఒక మాట. మీ సంఘ భవనాల్లో ప్రొజెక్టర్లు ఉన్నయి. నెలకొక ఆదివారం ఒక సినిమా వేయండి. 'మాభూమి'తో మొదలుపెట్టి 'మట్టి మనుషులు' దాకా పోండి. సినిమా అయినంక అరగంట మాట్లాడుకోండి. మీ ఆఫీసు ఊడ్చే అవుట్‌సోర్సింగ్ అక్కను ముందు కుర్చీలో కూసోబెట్టి చూపించండి. ఆమె ఏమంటదో వినండి. ఆ మాట ఏ రివ్యూలోనూ దొరకదు.

విద్యార్థి తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు. మీ చేతిలో ఫోన్ ఉన్నది, దాంట్లో కెమెరా ఉన్నది. నర్సింగరావు కాలంలో అంత కెమెరా సంపాదించనీకి ఆస్తులు కరిగినయి. తల్లాడ సుట్టూ ఊర్లల్లో వెట్టి చేసినోళ్ళ బిడ్డలు, ముసలోళ్ళై ఇంకా ఉన్నరు. అడవి దిక్కు పోతే పోడు కొట్టిన చేతులున్నయి, తునికాకు కట్టలు కట్టిన చేతులున్నయి. వాళ్ళ దగ్గరికి పోయి కూసోండి. ముఖంతోపాటు చేతులు తీయండి. పేరు, ఊరు, చేసిన పని వాళ్ళ మాటలోనే రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటేనే తీయండి, తీసినంక ముందు వాళ్ళకే చూపించండి. బొమ్మలొచ్చినోళ్ళు గీయండి. ఆ ముసలోళ్ళు పోయినంక ఎంత పెద్ద దర్శకుడు వచ్చినా ఆ ముఖాలు దొరకవు.

కలిగిన ఇంట్లో పుట్టిన ఒక చిత్రకారుడు గడి లోపలి నుంచి కాకుండా గడి ఊడ్చే మనిషి పక్కన నిలబడి చూసిండు. ఆయన చేయగలిగింది ఆయన చేసిండు. ఊడ్చినోళ్ళ మనుమలు, మనుమరాండ్లు ఇప్పుడు చదువుకొని ఈ కుర్చీల్లో కూసున్నరు. ఇక మీద తీసే సినిమా మీది.



జై తెలంగాణ!